ఏ వరసకి బావ?

విశాఖపట్నంలో మగాళ్ళు ఒకళ్ళనొకళ్ళు బావా అని పిలుచుకుంటారు. కూరల బండివాడు బావ, బస్సు కండక్టరు బావ. సినిమా హాలు దగ్గర టికెట్ కోసం కాలర్లు పట్టుకుని కొట్టుకునేవాళ్ళు కూడా "ఒగ్గీ బావా", అంటే వదిలెయ్ బావా, అనుకుంటూనే కొట్టుకుంటారు. గోదావరి జిల్లా నుంచి పెళ్ళయి మల్కాపురం వచ్చిన కొత్తలో నాకిది అంతుపట్టలేదు. మా వైపు బావ అంటే బావే. అక్క మొగుడో, మేనత్త కొడుకో అయి ఉండాలి. దారినపోయేవాణ్ణి బావా అంటే వీపు విమానం మోత మోగుతుంది. అలాంటిది, కాపురానికొచ్చిన మొదటి వారంలో గుమ్మంలోకి వచ్చిన ప్రతివాడూ "బావ ఉన్నాడేటి?" అని అడుగుతుంటే, ఈయనకి ఇంతమంది అక్కచెల్లెళ్ళున్నారని పెళ్ళిచూపుల్లో ఒక్కరైనా చెప్పలేదే అని కంగారుపడ్డాను.

ఆ బావల్లో ఒకాయన మా ఎదురింట్లోనే ఉండేవాడు. మా ఆయన పోర్టులో గుమాస్తా. ఆయన అక్కడే క్రేను నడిపేవాడు. నల్లగా, పొడుగ్గా, ఎప్పుడూ నవ్వబోతున్నట్టుండే మొహం. ఆదివారం పొద్దున్న ఇంటిల్లిపాదీ తెల్లబట్టలు వేసుకుని చర్చికి వెళ్ళేవాళ్ళు. తిరిగొచ్చాక ఆయన ఆ తెల్లబట్టలు విప్పేసి, లుంగీ కట్టుకుని, తన కారు కిందకి దూరేవాడు. ఎవరో ఆఫీసరు బదిలీ మీద వెళ్ళిపోతూ అమ్మేసిన పాత నల్ల అంబాసిడర్ అది. మా వీధిలో అదొక్కటే కారు. దాని లోపల కూర్చున్నదానికన్నా దాని కింద పడుకున్నదే ఎక్కువని వాళ్ళావిడ దెప్పుతుండేది.

ఒకరోజు నా అయోమయం చూసి ఆయనే తేల్చేశాడు.

"మీ ఆయన నాకు బావే కదా. మరి నువ్వేటవుతావు? సెల్లివి. ఇంకెందుకు ఇబ్బంది? నాను సెల్లమ్మా అంతాను, నువ్వు అన్నియ్యా అను."

నాకు తోడబుట్టినవాళ్ళు లేరు. అన్నయ్యా అని పిలవడానికి మనిషి దొరికితే ఎంత హాయిగా ఉంటుందో తోడబుట్టినవాళ్ళున్న వాళ్ళకి తెలియదు. పిలవడం మొదలుపెట్టాను. మా పాపకి చెవులు కుట్టించినప్పుడు మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టాలంటే, ఆయనే చర్చికి వేసుకునే తెల్లచొక్కా తొడుక్కుని వచ్చి కూర్చోబెట్టుకున్నాడు. పాప ఆ చొక్కా మీద పాలు కక్కింది. ఆ వేడుక గురించి మా నాన్నకి ఉత్తరం రాసినప్పుడు, ఎవరి ఒళ్ళో కూర్చోబెట్టామన్నది రాయలేదు. రాయొద్దని ఎవరూ చెప్పలేదు. నాకే తోచింది.

మా నాన్న గురించి చెప్పాలి. మా ఊళ్ళో గట్టు తగాదా వచ్చినా, అన్నదమ్ములు విడిపోయినా, మా అరుగు మీదకే వచ్చేవారు. ఆయన మాట అంటే మాటే. ఆయనకి కొడుకుల్లేరు. ఒక్కర్తెను నేనే. అమ్మ పోయాక కూడా ఊరు కదిలేవారు కాదు. కూతురింట్లో తిని కూర్చోవడం ఆయనకి నామోషీ. అలాంటి మనిషి పంతొమ్మిదివందల డెబ్భైల చివర్లో ఒక ఎండాకాలం మా ఇంటికొచ్చారు, రాక తప్పక. ఒక కన్ను అప్పటికే పోయింది. రెండో కంటికి శుక్లం ముదిరిపోయి, మనిషి ఎదురుగా నిలబడితే నీడలాగా కనిపించేది, అంతే. గుమ్మం తగిలి పడబోతే పట్టుకున్నానని నా మీదే కసురుకున్నారు.

అన్నయ్య వాళ్ళ అక్క సరిహద్దు అవతల, ఒరిస్సా కొండల్లో, ఒక మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసేది. అక్కడ కంటి డాక్టరు చెయ్యి మంచిదని పేరు. "మా అక్క ఉండగా మీకు బెంగేటి? నా బండిలో తీసుకెల్లి, తీసుకొచ్చీసే పూసీ నాది" అన్నాడు అన్నయ్య. బస్సులో వెళ్ళొచ్చు కానీ, ఆపరేషనయ్యాక తల కదలకూడదు. ఆ ఘాటీ మలుపుల్లో బస్సు కుదుపుకి కుట్లు ఊడితే ఉన్న ఒక్క కన్నూ పోతుంది. కారు తప్ప గతి లేదు. అదీ సంగతి.

అన్నయ్య మా నాన్నని మొదటిసారి "నాన్నారూ" అని పిలిచాడు. చెల్లెలి తండ్రి కాబట్టి అదే సరైన పిలుపు అనుకున్నాడు పాపం. మా నాన్న పలకలేదు. వినపడలేదేమో అనుకుని ఇంకోసారి పిలిచాడు. అప్పుడూ పలకలేదు. మూడోసారి "బాబుగారూ" అన్నాడు. "ఆఁ, చెప్పు" అన్నారు మా నాన్న. ఆయన వెళ్ళాక నన్ను దగ్గరికి పిలిచి, "వాళ్ళేవిట్లు?" అని కులం అడిగారు. "మనలాగా మనుషులే" అని విసురుగా వంటింట్లోకి వెళ్ళిపోయాను. నాకు నోరెక్కువని మా అత్తగారు ఊరికే అనలేదు. కానీ ఆ సాయంత్రం అన్నయ్య మళ్ళీ వస్తే కాఫీ తీసుకెళ్ళినప్పుడు, మా గ్లాసులోనే ఇచ్చానా అన్నట్టు నాన్న ఆయన గ్లాసు కేసి తల తిప్పి చూడటం, గ్లాసు కనపడకపోయినా చూడటం, నేను చూశాను.

కారు ఊరు దాటించాలంటే ముందు కాగితాలు సరిచూసుకోవాలి. ఇన్సూరెన్సు గడువు ఆ నెలాఖరుకే అయిపోతోంది. అన్నయ్యా, మా ఆయనా పాత పోస్టాఫీసు దగ్గరున్న ఏజెంటు దగ్గరికి వెళ్తుంటే, గాజులు కొనుక్కోవాలని నేనూ వెంటపడ్డాను. ఏజెంటు మేడమెట్ల కింద ఒక బల్ల వేసుకుని కూర్చునేవాడు. కొత్త కాగితం రాసిస్తూ, దానిమీద కింద సన్నగా అచ్చు వేసి ఉన్న ఇంగ్లీషు ముక్కని వేలితో చూపించాడు.

"ఇది సొంత వాడకానికే సుమండీ. కిరాయికి గానీ, ప్రతిఫలానికి గానీ తిప్పకూడదు. తిప్పితే ఈ కాగితం సిత్తు కాగితం. దేన్నన్నా గుద్దీసేరనుకోండి, కంపెనీకి సంబంధం నేదు."

"మావాల్లనే తీసుకెల్తన్నాను" అన్నాడు అన్నయ్య.

"మీకు తెలుసు, నాకు తెలుసు. బోర్డరు గేటుకాడోడికి ఎలగ తెలుస్తాది? సొంత బండిని టాక్సీలా తిప్పీవోల్లందరూ చుట్టాలమనే సెప్తారు. టాక్సీకైతే అవతలి రాస్ట్రం పర్మిట్టుండాలి. అది నేకుండా కిరాయికి ఎల్తే బండి ఆపీసే హక్కు ఆల్లకుంది. అందుకని అడిగీ అడక్కముందే వరస సెప్పీయండి. ఒక్క మాటతో పోద్ది."

మా ఆయన పెట్రోలు తను పోయిస్తానని అప్పటికి వారం రోజులుగా పట్టుబడుతున్నాడు. "పెట్రోలు పోయిస్తే ప్రతిఫలమేనా అండి?" అని ఆ ఏజెంటునే అడిగాడు, అమాయకంగా. ఏజెంటు పకపకా నవ్వాడు. అన్నయ్య వెంటనే "అదిగో ఇన్నావా? నా ఇన్సూరెన్సు పోగొట్టకు బావా" అని దొరికిందే సందుగా పెట్రోలు మాట కొట్టిపారేశాడు. ఇక నేనేం చెయ్యను? పెద్ద డబ్బా నిండా జంతికలు చేశాను. ఆయనకి ప్రాణం. డబ్బా మూత తీసి చూసి, "ఇయ్యి తింతే కిరాయి కిందకొస్తాదేటి సెల్లమ్మా? ఓపాలి ఏజెంటుని అడుగుదుమా?" అన్నాడు. ఆ నవ్వు ఇప్పటికీ వినపడుతుంది.

బయల్దేరే ముందు రోజు మా ఆయన మా నాన్న పక్కన కూర్చుని నెమ్మదిగా చెప్పాడు. గేటు దగ్గర అడిగితే అందరం ఒక కుటుంబమే అని చెప్పాలి, అంతకన్నా ఏమీ అక్కర్లేదు అని.

"నా నోట అబద్ధం రాదు బాబూ" అన్నారు నాన్న.

"అబద్ధమేముంది నాన్నా? అన్నయ్యా అని నేను పిలవట్లేదా?" అన్నాను.

"నువ్వు పిలుస్తావు" అన్నారు. అక్కడితో ఆపేశారు. నేనూ ఆపేశాను. ఆ సమయానికి మీరేం మాట్లాడకండి, చాలు అని మా ఆయన అన్నాడు. అదీ నిజమే అనిపించింది. గుడ్డి ముసలాయన్ని ఎవరు అడుగుతారు?

తెల్లారగట్ల బయల్దేరాం. కుదుపు తక్కువని నాన్నని ముందు సీట్లో, అన్నయ్య పక్కన కూర్చోబెట్టాం. వెనక మా ఆయనా, నేనూ, కాళ్ళ దగ్గర జంతికల డబ్బా. పాపని అన్నయ్య వాళ్ళావిడ దగ్గరే వదిలేశాం. విజయనగరం దాటాం, సాలూరు దాటాం. ఘాటీ మొదలయ్యాక అన్నయ్య ప్రతి మలుపు దగ్గరా "ఎడం పక్కకి ఒరుగుతాది బాబుగారు, గట్టిగా పట్టుకోండి" అని ముందే చెప్తూ వచ్చాడు. నాన్న పట్టుకునేవారు. ఒకచోట కుడికి ఒరిగి అన్నయ్య భుజం మీద పడ్డారు. సర్దుకుని కూర్చుని పంచె దులుపుకున్నారు. ఆయన దులుపుకున్నది దుమ్మేనని నాకు నేను చెప్పుకున్నాను.

కొండ మీదకి చేరేసరికి రేడియేటరు పొగలు కక్కుతోంది. సరిగ్గా గేటు దగ్గరే బండి ఆగింది. అడ్డంగా వెదురు బొంగు, పక్కన రేకుల గది. అందులోంచి కళ్ళద్దాల ఆఫీసరొకాయన వచ్చాడు. నెమ్మదస్తుడు. తెలుగు శుభ్రంగా మాట్లాడాడు. మా ఆయన దిగి కాగితాలిచ్చాడు. ఆఫీసరు ఆర్సీ పుస్తకం చూశాడు, టాక్సు బిళ్ళ చూశాడు, ఇన్సూరెన్సు కాగితం మాత్రం ఎండకి పెట్టి చదివాడు.

"ఇది సొంతానికే కదండీ. కిరాయి కాదు కదా?"

"కాదండి. అందరం ఇంట్లోవాళ్ళమే. మావగారిని ఆసుపత్రికి తీసుకెళ్తున్నాం" అన్నాడు మా ఆయన.

"సరే" అని ఆయన కాగితాలు తిరిగి ఇవ్వబోయాడు. ఇచ్చేవాడే. వెదురు బొంగు తాడు మీద బంట్రోతు చెయ్యి కూడా వేశాడు. ఆ క్షణంలో బానెట్ ఎత్తి చూస్తున్న అన్నయ్య తల తిప్పకుండానే కేకేశాడు.

"బావా! ఆ నీల్ల డబ్బా ఇలగియ్యి!"

ఆఫీసరు చెయ్యి ఆగిపోయింది. కళ్ళద్దాలు సర్దుకుని, "ఏ వరసకి బావ?" అన్నాడు.

అది ఎగతాళి కాదు. రోజూ కిరాయి కార్లలోంచి దిగే బావల్ని చూసి చూసి విసిగిపోయిన మనిషి. ఆర్సీ పుస్తకం మళ్ళీ తెరిచాడు. అందులో ఉన్న పేరు చదివితే ఎవరికైనా చర్చి గంట వినపడుతుంది. ఆ పేరు చూశాడు, నా నుదుటి మీద కుంకుమ చూశాడు.

"మా ఆవిడకి అన్నగారండి" అన్నాడు మా ఆయన.

"అలాగా? మీకు అన్నగారామ్మా?" అని నన్ను అడిగాడు.

"అవునండి. మా అన్నయ్యే" అన్నాను, గట్టిగా. అబద్ధం చెప్తున్నానని నాకు రవంత కూడా అనిపించలేదు. స్నేహితుడని చెప్పుంటే సరిపోయేది. స్నేహితుణ్ణి ఊరికే తీసుకెళ్ళకూడదని ఏ చట్టంలోనూ లేదట, తర్వాత తెలిసింది. కానీ మాకు వరస తప్ప ఇంకోమాట తోచలేదు.

"ఈ పెద్దాయన మీ నాన్నగారే కదా?"

"అవునండి."

"ఇంకనేం. మీకు అన్నయితే ఈయనకి కొడుకు. ఈయన్నే అడిగితే పోతుంది."

అని కారు చుట్టూ తిరిగి ముందు కిటికీ దగ్గరికి వెళ్ళాడు. అన్నయ్య నీళ్ళ డబ్బా పట్టుకుని బానెట్ పక్కనే నిలబడ్డాడు. ఆయన మొహంలో భయమేమీ లేదు. చిన్నగా నవ్వుతూ మా నాన్న కేసే చూస్తున్నాడు. ఆ నవ్వు ఎందుకో నాకు తెలుసు. పొద్దుటినుంచి అన్ని మలుపుల్లోనూ పట్టుకుని తీసుకొచ్చిన ముసలాయన ఆ ఒక్కమాటా అనేస్తాడని ఆయన నమ్మాడు.

"పెద్దాయనా, ఇతను మీ అబ్బాయేనా?"

తల ఊపితే చాలు. నోరు కూడా తెరవక్కర్లేదు.

"నాకు కొడుకుల్లేరండి" అన్నారు నాన్న.

"మరి ఇతనెవరు?"

"కారు తోలే మనిషి."

"కిరాయికా?"

"అయ్యుంటుంది. ఊరికే ఎవరు తీసుకొస్తారండి?"

నేను "నాన్నా!" అని అరిచాను. కారు దిగి, ఆఫీసరు ముందుకెళ్ళి, ఆయన మా ఎదురింటాయన అనీ, మా ఆయనకి స్నేహితుడనీ, ఒక్క పైసా తీసుకోలేదనీ, పెట్రోలు కూడా పోయించుకోలేదనీ గడగడా చెప్పుకుపోయాను. ఆఫీసరు ఓపిగ్గా విన్నాడు.

"ఇందాక అన్నన్నారు. ఇప్పుడు ఎదురింటాయనంటున్నారు. ఇంకో గడియాగితే ఏమవుతాడోనమ్మా. కన్నతండ్రి మాట నమ్మాలా, మీ మాట నమ్మాలా?"

ఆఫీసరు అన్నయ్య కేసి తిరిగాడు. "నువ్వు చెప్పు. ఏది నిజం?"

అన్నయ్య మొహంలో ఆ నవ్వు ఎప్పుడు పోయిందో నేను చూడలేదు కానీ, పోయింది. నీళ్ళ డబ్బా మూత బిగించి కింద పెట్టాడు. బానెట్ దించాడు.

"పెద్దోరు సెప్పీసారు కదండి. అలగే రాసుకోండి" అన్నాడు.

రేకుల గదిలోకి వెళ్ళి, పర్మిట్ లేకుండా బండి కిరాయికి తోలానని సంతకం పెట్టి వచ్చాడు. బండి అక్కడే ఉంచెయ్యాలన్నారు, పైఆఫీసరు వచ్చి జరిమానా తేల్చేదాకా. మా ఆయన ఆయన్ని పక్కకి లాక్కెళ్ళి, "నీకేమైనా పిచ్చా బావా? కాదని ఎందుకనలేదు?" అని నిలదీశాడు. నేను వెనకే ఉన్నాను. ఆయన చెప్పింది విన్నాను.

"నాను కాదంతే ఆయన అబద్దమాడినట్టవద్ది బావా. కన్నుల్నేవు, ఊరు కాని ఊరు. ఆయనకి మిగిలింది ఆ మాటొక్కటే కదేటి."

అంత మర్యాద మా అరుగు మీద నేనెప్పుడూ చూడలేదు. అక్కడే కొండ మీంచి దూకేద్దామన్నంత సిగ్గేసింది. నా తండ్రి నాకు అక్కర్లేదనిపించింది, ఆ కాసేపు.

అటు వచ్చిన బస్సుని అన్నయ్యే ఆపాడు. డ్రైవరుతో మాట్లాడి ముందు సీటు ఖాళీ చేయించాడు. మెట్టు ఎత్తుగా ఉంది. నాన్న చెయ్యి చాపి గాలిలో తడుముకున్నారు. అన్నయ్య ఆ చెయ్యి అందుకుని పైకెక్కించాడు. ఎవరి చెయ్యో నాన్నకి తెలుసు. వదల్లేదు. సీట్లో కూర్చున్నాకే వదిలారు. "మా అక్కకి నా పేరు సెప్పండి, అంతా ఆవిడే సూసుకుంటాది" అని మా ఆయనకి చెప్పి, బస్సు కదిలేదాకా నిలబడ్డాడు. జంతికల డబ్బా కారులోనే ఉండిపోయింది.

ఆసుపత్రి గుమ్మంలో ఆయన అక్క మమ్మల్ని చూసి అడిగిన మొదటి మాట, "మా తమ్ముడేడి?" అని. బండి చెడిపోయిందని చెప్పాడు మా ఆయన. ఆవిడ ఇంకేమీ అడగలేదు. ఆపరేషనయ్యాక నాన్నకి తలకి రెండు పక్కలా ఇసక మూటలు పెట్టి, కదలకుండా వెల్లకిలా పడుకోబెట్టారు. ఆ రోజులన్నీ ఆవిడే చెంచాతో జావ పోసింది. నాన్న "తల్లీ" అని పిలుస్తూ తాగారు. ఆవిడ ఎవరి అక్కో ఆయనకి తెలియక కాదు. రెండు కళ్ళకీ కట్టుంటే ఎవరి చేతి జావ అయినా తాగొచ్చు కాబోలు అనుకున్నాను. అలా అనుకున్నందుకు మళ్ళీ నాకే కష్టంగా ఉండేది. కన్నతండ్రి గురించి అలా అనుకోవడం ఏ కూతురికి ఇష్టం?

జరిమానా కట్టి బండి విడిపించుకుని అన్నయ్య ఆసుపత్రికి వచ్చేసరికి, నాన్న కట్టు విప్పేసి, దళసరి కళ్ళద్దాలు పెట్టారు. ఆయన వచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు. గడ్డం మాసిపోయి ఉంది. నాన్న కళ్ళద్దాలు ఎత్తి, దించి, ఆయన్ని పైనుంచి కిందదాకా చూశారు. అన్నాళ్ళూ నీడగా కనపడ్డ మనిషిని నాన్న నిజంగా చూడటం అదే మొదలు. ఇప్పుడు ఏదో ఒక మంచిమాట అంటారని నేను ఎదురుచూశాను.

నాన్న రొంటిన ఉన్న సంచీ తీశారు. అందులోంచి నోట్లు తీసి, మడత పెట్టి, చెయ్యి చాపారు.

"తీసుకో అబ్బాయ్. కారు కిరాయి. ఒకరి బండి ఊరికే ఎక్కే అలవాటు మాకు లేదు."

గేటు దగ్గర ఆయనన్న మాట అప్పటిదాకా అబద్ధం. దాన్ని నిజం చేసుకోవాలనుకున్నారు. నేను అన్నయ్య కేసి చూశాను. తీసుకోకు అని కళ్ళతోనే వేడుకున్నాను. విసిరి కొట్టినా బాగుండుననిపించింది. ఆయన లోపలికి వచ్చాడు, రెండు చేతులూ పట్టి ఆ నోట్లు తీసుకున్నాడు, ఎంతో చూడకుండా చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"బండి కిందెట్టాను బాబుగారు. మీరు తయారవగానే ఎల్లిపోదుం" అన్నాడు.

తిరుగు ప్రయాణంలో మా ఆయన అలవాటుగా వెళ్ళి ముందు తలుపు తీయబోతే, "ముందర బాబుగారు, ఎనక నువ్వు బావా" అని తనే వచ్చి మా ఇద్దరికీ వెనక తలుపు తీసి పట్టుకున్నాడు. ఎప్పుడూ అలా పట్టుకోలేదు. గేటు దగ్గర అదే ఆఫీసరు ఉన్నాడు, మమ్మల్ని ఏమీ అడక్కుండా బొంగు ఎత్తించాడు. ఘాటీలో మలుపు మలుపుకీ "ఎడం పక్కకి బాబుగారు", "కుడి పక్కకి బాబుగారు" అని మునుపటిలాగే చెప్పాడు. కుట్లు కదలకుండా, కంట్లో నీటిచుక్క తొణక్కుండా దించాడు. కింద సాలూరు దగ్గర టీ కోసం ఆగినప్పుడు, డబ్బా తెరిచి చూశాను. జంతికలు అలాగే ఉన్నాయి, ఒక్కటీ తగ్గలేదు. గేటు దగ్గర పడిగాపులు పడ్డ అన్ని రోజులూ ఆయన అందులో చెయ్యి పెట్టలేదు. కొన్ని తీసి ఆయనకి పట్టుకెళ్ళాను.

"ఒద్దమ్మగారూ. బండి తోలినప్పుడు ఏటీ తిన్ను" అన్నాడు.

పొరపాటున విన్నాననుకున్నాను. కాదు. ఆ రోజు నుంచి నేను అమ్మగారినే. మా ఆయన మాత్రం బావగానే ఉన్నాడు, ఊళ్ళో అందరూ బావలే కదా. మా పాప మావయ్యా అని పరిగెత్తుకెళ్తే "ఏటే కోడలా" అని ఎత్తుకునేవాడు. నన్ను చూస్తే లేచి నిలబడేవాడు. ఆ నిలబడటం చూసి వాళ్ళావిడ కూడా తికమకపడేది. నేనొకరోజు ఉండబట్టలేక గోడ దగ్గర పట్టుకున్నాను.

"అన్నయ్యా, తిట్టు, నాలుగు దులుపు, పడతాను. ఈ అమ్మగారేంటి? మా నాన్న అన్నదానికి నన్నెందుకిలా చంపుతున్నావు?"

"కోపమేటమ్మగారూ? నాకేటీ కోపం నేదు" అన్నాడు. నిజంగానే గొంతులో కోపం లేదు. "ఆ యాల గేటుకాడ ఆ ఆపీసరు బాబు లెక్క తేల్చీసాడు కదా. మీకు అన్ననైతే ఆయనకి కొడుకునవ్వాలి. ఆయనకి కొడుకుల్నేరు. మరింక మీకు అన్నెక్కడ్నుంచి ఒస్తాడు?"

నాకెంత నోరున్నా, తలదించుకుని ఇంట్లోకి వచ్చేశాను.

నాన్న ఆ కంటితో ఇంకా చాలా ఏళ్ళు పేపరు చదివారు. గట్టు తగాదాలు తీర్చారు. ఒకసారి మాటల్లో "ఆ కారతను బాగా తోలాడమ్మా, కుదుపన్నది తెలియలేదు" అన్నారు. అది ఆయన మెచ్చుకోలు. నేను ఆ పూట ఆయనతో మాట్లాడలేదు. ఎందుకు మాట్లాడలేదో ఆయన అడగలేదు. అడిగుంటే చెప్పేదాన్ని. చెప్పాలని ఎదురుచూస్తుండగానే ఆయన వెళ్ళిపోయారు.

ఎనభైల్లో మా ఆయన పోర్టు వదిలి స్టీల్ ప్లాంటులో చేరాక మేం మల్కాపురం నుంచి మారిపోయాం. తర్వాత అన్నయ్య అంబాసిడర్ అమ్మేశాడని విన్నాం. కొన్నేళ్ళకి కూతురి పెళ్ళని శుభలేఖ పట్టుకుని భార్యాభర్తలిద్దరూ వచ్చారు. వాళ్ళావిడ నన్ను కావలించుకుంది. ఆయన గుమ్మంలో నిలబడి, "తప్పకుండా రావాలి బావా, అమ్మగారూ మీరూ" అన్నాడు.

వెళ్ళాం. చర్చిలో పెళ్ళయ్యాక పక్కనే షామియానా కింద భోజనాలు. జనం కిక్కిరిసి ఉన్నారు. మమ్మల్ని చూసి ఆయన ఎదురొచ్చి, నలుగుర్ని తప్పించుకుంటూ లోపలికి తీసుకెళ్ళాడు. అక్కడ పెళ్ళికొడుకు తాలూకు పెద్దాయనొకరు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. నా కుంకుమ కేసీ, మా ఆయన కేసీ చూసి, "ఈల్లెవులు బావా? మీకేటవుతారు?" అని అడిగాడు.

ఎదురింటివాళ్ళు అంటే చాలు, తెలిసినవాళ్ళు అన్నా చాలు అని మనసులో దణ్ణం పెట్టుకున్నాను. అంతకన్నా అడిగే మొహం నాకు లేదు.

"మా బావ, మా సెల్లి" అన్నాడు ఆయన. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"సొంత సెల్లేనా?" అన్నాడు పెద్దాయన, ఆశ్చర్యంగా.

"సొంతమే."

నాకు ఏడుపు పొంగుకొచ్చింది. చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, "అన్నయ్యా" అన్నాను. ఆయన నా వైపు తిరిగాడు. పక్కనున్న కుర్చీ లాగి, భుజం మీద తువ్వాలుతో దాని దుమ్ము దులిపాడు.

"కూకోండమ్మగారూ. ఇక్కడ ఫ్యాను గాలి తగుల్తాది" అన్నాడు.

నేను కూర్చున్నాను.